కందులు కొరికిన చాచా

పోయిన వారం వికారాబాద్‌లోని నా క్లినిక్‌కు తాండూరు నుంచి ఒక అడ్తి సేటు వచ్చాడు. రైతులు తెచ్చిన పంటను అక్కడి ధాన్యం మార్కెట్ అయిన గంజ్‌లో అమ్మించిపెట్టే దుకాణం ఆయనది. కింది దవడకు మత్తు సూది ఇచ్చి, చెంపలో దూది పెట్టి, నోరు కదపొద్దని చెప్పాను. చెప్పిన మరుక్షణమే కదిపాడు. ఏమన్నాడో అర్థం కాలేదు. దూది తీసి అడిగితే, "మా చాచా పోయిండు మేడం. నెల దాటింది. మీకెవ్వరు చెప్పలేదా?" అన్నాడు.

ఎవరూ చెప్పలేదు. లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాను. కడిగిన చేతులనే మళ్లీ కడుక్కున్నాను. వెనక సేటు తిమ్మిరెక్కిన పెదవితో చాచా గురించి ఇంకా ఏదో చెబుతున్నాడు, సగం మాటలు జారిపోతున్నాయి. నాకు ఏడుపు రావాల్సిన సమయమది. ముందు నవ్వొచ్చింది. ఆయన గుర్తొస్తే ఎవరికైనా ముందు నవ్వే వస్తుంది, ఏడుపు తర్వాత తీరిగ్గా వస్తుంది.

ఆయన నాకు పరిచయమైనప్పుడు నేను పండ్ల డాక్టరు చదువు ముగించి రెండేళ్లయింది. మంగళవారం, శుక్రవారం రైలెక్కి తాండూరు వెళ్లి, ఒక మందుల దుకాణం వెనక గదిలో కూర్చునేదాన్ని. చదువు వేడి ఇంకా తగ్గలేదు. పేషెంటు రెండు మాటలు చెబితే నేను ఇరవై చెప్పేదాన్ని. అలాంటి ఒక మంగళవారం సన్నగా, పొడుగ్గా, తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దమనిషి లోపలికి వచ్చాడు. భుజం మీద రుమాలు, చొక్కా జేబు ఉబ్బెత్తుగా. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. కట్టుడు పండ్లు పై వరుస, కింది వరుస రెండూ ఊడదీసి, రుమాలు పరిచి నా బల్ల మీద పెట్టి, "లైనింగ్ వెయ్యి బిడ్డా" అన్నాడు.

ఊడదీశాడంటే పెద్ద మాటే. నోరు తెరిస్తే అవే వచ్చాయి. అంత వదులు. నవ్వితే పై సెట్టు జారుతుంది, దాన్ని నాలుకతో పైకి నొక్కిపెట్టుకుని మిగతా నవ్వు పూర్తి చేస్తాడు. తుమ్ము వచ్చేటట్టుంటే ముందుగా అరచెయ్యి గడ్డం కింద పెట్టుకుంటాడు. ఒకసారి నా ముందే తుమ్మి, పండ్లను గాలిలోనే పట్టుకుని, ఏమీ జరగనట్టు పెట్టుకుని, అంతకుముందు ఆపిన మాట దగ్గరి నుంచే మొదలుపెట్టాడు. కొన్నాళ్లు దూది కుక్కుకున్నాడట. కొన్నాళ్లు సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి పెట్టుకున్నాడట. ట్యూబు బాగానే పట్టింది కానీ చాయ్ తాగితే రబ్బరు వాసన వచ్చిందని చెప్పి, నా మొహం చూసి తనే ముందు నవ్వాడు.

పండ్లు చేతిలోకి తీసుకుని చూశాను. వెనక పండ్లు నున్నగా, చదునుగా, తాండూరు బండలా అరిగిపోయి ఉన్నాయి. అంతగా అరిగిన సెట్టును నేనెప్పుడూ చూడలేదు. ఏం తింటారని అడిగాను. జొన్నరొట్టె, పప్పు అన్నాడు. జొన్నరొట్టెకు ఇలా అరగవన్నాను. అప్పుడు జేబులో చెయ్యి పెట్టి గుప్పెడు కందులు తీసి నాకు చూపించాడు.

ఆయన ముప్పై ఏళ్లుగా ఆ సేటు దుకాణంలో మాల్ చూసే మనిషి. రైతు కందుల రాశి పోస్తే, అది ఎండిందా, ఇంకా పచ్చిగా ఉందా అని తేల్చేది ఆయనే. గింజ పంటి కింద పెట్టి కొరుకుతాడు. ఎండిన గింజైతే టక్కుమని రెండు బద్దలవుతుంది. పచ్చిదైతే చప్పుడు లేకుండా నలుగుతుంది. సొంత పండ్లతో పద్దెనిమిదేళ్లు కొరికాడు. అవి పోయాక హైదరాబాద్‌లో కట్టించుకున్న ఈ సెట్టుతో ఇంకో పన్నెండేళ్లు కొరికాడు. కట్టుడు పండ్లతో కందులు కొరకకూడదని అక్కడి డాక్టరు చెప్పలేదా అని అడిగితే, చెప్పాడని ఒప్పుకున్నాడు.

ఇక్కడ నా వృత్తి సంగతి కాస్త చెప్పాలి. సెట్టు వదులైన ప్రతివాడూ లైనింగే అడుగుతాడు. కొన్నిసార్లు అది సరైన మాటే. పండ్లు బాగుండి, పై వరుస కింది వరుస మీద సరిగ్గా కూర్చుంటూ, నోట్లో ఎముక కాస్త కరిగి సెట్టు కింద ఖాళీ వచ్చిందనుకోండి, ఆ ఖాళీ నింపితే చాలు, పాత సెట్టే ఇంకొన్నేళ్లు నడుస్తుంది. కానీ పండ్లే అరిగిపోయి, నోరు మూస్తే గడ్డం ముక్కు దాకా వస్తూ, పెదవుల మూలలు పగిలి ఉంటే, కింద ఎంత నింపినా ఉపయోగం లేదు. దానికి కొత్త సెట్టే కట్టాలి. ఇంకో సంగతి. చిగుళ్లు వాచి ఉన్నప్పుడు అచ్చు తీయకూడదు. వాపుకు సరిపోయేటట్టు చేసింది వాపు తగ్గగానే మళ్లీ వదులవుతుంది. కొన్ని రోజులు పండ్లు పక్కన పెట్టి చిగుళ్లను తేరుకోనివ్వాలి.

చాచాకు వద్దనడానికి ఎన్ని కారణాలు కావాలో అన్నీ ఉన్నాయి. పండ్లు అరిగాయి, గడ్డం ముక్కును వెతుక్కుంటోంది, చిగుళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. పండ్లు ఎప్పుడు తీస్తారని అడిగితే తీయనన్నాడు. నిద్రలో కూడా నోట్లోనే. పొద్దున అజాన్ వినపడగానే లేవాలి, అప్పుడు పండ్లు వెతుక్కుంటూ కూర్చుంటే నమాజుకు ఆలస్యమవుతుందట. చిన్న గిన్నెలో నీళ్లు పోసి తలాపున పెట్టుకుంటే వెతకాల్సిన పనేముందని అడిగాను. పిల్లి తాగుతుందన్నాడు. ఆ ఇంట్లో పిల్లి లేదని తర్వాత సేటు చెప్పాడు.

కొత్త సెట్టు కట్టాలని ఇరవై మాటల్లో చెప్పాను. అంతా ఓపికగా విని, "కోటు లోపల లైనింగ్ చిరిగితే లైనింగే మారుస్తరు గద. కోటు పారేస్తరా?" అన్నాడు. మోచేతులు చిరిగిన కోటుకు లైనింగ్ మార్చి ఏం లాభమని నేనన్నాను. మంచి జవాబు చెప్పానని ఆయనే మెచ్చుకున్నాడు, ఒప్పుకోలేదు. కొత్తవి కట్టాలంటే ఎన్ని రోజులని అడిగాడు. చిగుళ్ల వాపు తగ్గడంతో కలిపి మూడు వారాలైనా పడుతుందని చెప్పాను. అప్పటిదాకా ఆయన మొహంలో ఉన్న నవ్వు పోయింది.

అది కందులు గంజ్‌కు రావడం మొదలైన సమయం. పైగా ఆ ఏడాదే సేటు తేమ చూసే మిషన్ ఒకటి కొన్నాడు. గుప్పెడు గింజలు పోస్తే నంబరు చూపిస్తుంది. సేటు మంచివాడే, చాచాను పొమ్మనలేదు. మిషన్ దాని మూలన అది, చాచా ఆయన జాగాలో ఆయన. కానీ చాచాకు లెక్క తెలుసు. "మూడు వారాలు నేను పోకపోతె నా జాగల మిషన్ కూసుంటది బిడ్డా. మల్ల దాన్ని లేపుడు నాతోని కాదు" అన్నాడు.

అది విన్నాక నా చదువు కొంచెం మెత్తబడింది. సరే, కనీసం మూడు రోజులు పండ్లు తీసి ఉంచి శుక్రవారం రమ్మన్నాను. వచ్చాడు. మూడు రోజులూ ముట్టుకోలేదని చెప్పాడు. చిగుళ్లు మంగళవారం ఎంత ఎర్రగా ఉన్నాయో శుక్రవారమూ అంతే ఎర్రగా ఉన్నాయి. పై సెట్టు అంగిట్లో కంది పొట్టు ఒకటి అతుక్కుని ఉంది. దాన్ని గోటితో తీసి ఆయనకు చూపించాను. రుమాలుతో కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూసి, "గిది పాతది" అన్నాడు.

అప్పుడే పొమ్మనాల్సింది. పొమ్మనలేదు. ఆయన మొహం చూశాను, రైలు టైము చూశాను, అచ్చు తీశాను. తప్పు నాదే. ఈరోజుకూ దానికి ఇంకో పేరు పెట్టలేను.

లైనింగ్ వేసిన సెట్టు పెట్టుకున్న రోజు ఆయన సంబరం చూడాలి. తల అటూ ఇటూ ఊపాడు, ముందుకు వంగాడు, కావాలని దగ్గాడు. పండ్లు కదల్లేదు. మందుల దుకాణం వాళ్లకు చూపించాడు, బయట చాయ్ బండి దగ్గర ఆగి అక్కడ నిల్చున్నవాళ్లకు చూపించాడు. నేను కూడా పుస్తకాల్లో రాసిందంతా నిజం కాదేమో అనుకుని సంతోషంగా రైలెక్కాను.

రెండు వారాలకు పుస్తకాలదే నిజమైంది. వాపు తగ్గింది, సెట్టు మళ్లీ వదులైంది, దానికి తోడు దవడలు నొప్పి. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వచ్చాడు. తిడతాడనుకుని ముందే తల వంచుకున్నాను. "నువ్వు వద్దనే అన్నవు. జిద్దు నేను చేసిన" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఇక మెత్తబడలేదు. ఈ సెట్టుకు లైనింగ్ వెయ్యను, కొత్తవే కడతాను, అవి వచ్చేదాకా ఇవి నోట్లో పెట్టుకోవడానికి లేదు అని చెప్పాను. ఈసారి కోటు సంగతి ఎత్తలేదు. కిటికీలోంచి రోడ్డు మీద పోతున్న బస్తాల లారీని చూశాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"కొత్తయి పెట్కొని గంజ్ల నిలవడ్తనా?"

నిలబడతారు అన్నాను. నిజానికి నాకు తెలియదు. ఏ పుస్తకంలోనూ కందుల సంగతి లేదు. కొత్త పండ్ల కింద గింజ టక్కుమంటుందో లేదో నేనెలా చెప్పగలను? అయినా తెలిసినదానిలా గట్టిగా అన్నాను. ఆయన రెండు వరుసలూ తీసి నా ట్రేలో పెట్టి, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయాడు.

మూడు వారాలు గంజ్‌కు పోలేదు. జ్వరమని సేటుకు కబురు పంపాడు. ఇంట్లో జొన్న గటక తాగుతూ, ఎవరొచ్చినా రుమాలు చాటు నుంచే మాట్లాడాడట. గంజ్‌లో మిషన్ పని మిషన్ చేసింది. రైతులు నంబరు చూసి, సేటు మొహం చూసి, చాచా ఏడని అడిగేవాళ్లట. ఈ ముక్క సేటు నాతో అన్నాడు. నేను చాచాతో అన్నాను. ఆ రోజు గటక ఇంకో గిన్నె తాగాడని విన్నాను.

మధ్యలో ఒక శుక్రవారం జరిగింది మాత్రం నేను ఇప్పటికీ ప్రతి కొత్త పేషెంటుకూ చెబుతాను. సెట్టు గట్టిగా చేసేముందు పండ్లను మైనంలో నిలబెట్టి, నోట్లో పెట్టి, పొడవు, వరుస, నవ్వితే ఎలా ఉన్నాయో చూస్తాం. చాచా నోట్లో పెట్టి, అద్దం చేతికిచ్చి, చేతులు కడుక్కోవడానికి అటు తిరిగాను. వెనక మెత్తగా ఏదో దిగిన చప్పుడు. తిరిగి చూస్తే అద్దం ఒళ్లో ఉంది, చాచా కళ్లు పెద్దవి చేసుకుని నన్నే చూస్తున్నాడు. నోరు తెరవమన్నాను. వెనక పన్ను ఒకటి మైనంలోకి పూర్తిగా కూరుకుపోయింది. దాని పక్కన కంది గింజ చెక్కుచెదరకుండా కూర్చుని ఉంది.

ఆ రోజు నేను అరిచిన అరుపులకు మందుల దుకాణం వాళ్లు లోపలికి తొంగిచూశారు. ఆయన తల వంచుకుని అంతా విన్నాడు. నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు, "నువ్వు చూస్త అంటివి గద బిడ్డా. నేను గూడ చూసిన" అన్నాడు. ఆ గింజను రుమాలుతో తుడిచి మళ్లీ జేబులో వేసుకున్నాడు. కోపం నిలబెట్టుకోవాలని చాలా ప్రయత్నించాను, కుదరలేదు. వికారాబాద్‌లో సెట్లు చేసే మా ల్యాబ్ ఆయన మాత్రం ఆ పన్ను ఎలా కూరుకుపోయిందో చెబితే నమ్మలేదు.

కొత్త సెట్టు ఇచ్చిన రోజు గట్టిగా చెప్పాను. మొదట్లో మెత్తటివే తినాలి, పండ్లు తీసే పడుకోవాలి, కందుల జోలికి అసలు పోకూడదు. అన్నింటికీ బుద్ధిగా తలూపాడు. అంత బుద్ధిగా ఊపేసరికే నాకు అనుమానమొచ్చింది. ఆయన వెళ్లిన కాసేపటికి క్లినిక్ మూసి నేనూ గంజ్ దారి పట్టాను.

గంజ్‌లో కాలు పెట్టే సందు లేదు. ఎక్కడ చూసినా టార్పాలిన్ల మీద కందుల రాశులు, ముక్కులోకి పోయే పొట్టు దుమ్ము, బస్తాలు మోసే హమాలీల కేకలు. సరిహద్దు అవతలి నుంచి వచ్చినవాళ్లు కన్నడంలో రేటు మాట్లాడుకుంటున్నారు. సేటు దుకాణం ముందు మాత్రం గుంపు. నడుమ చాచా. టోపీ తెల్లగా ఉతికి ఉంది. నన్ను చూశాడు, చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

ఆయన పని చేస్తుంటే చూడటం అదే మొదటిసారి. రాశిలోకి కుడిచెయ్యి మోచేతి దాకా దింపి, కళ్లు మూసుకుని ఒక క్షణం ఉంటాడు. లోపలి నుంచి గుప్పెడు తీసి, ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోసుకుంటాడు. అందులోంచి రెండు గింజలు ఏరి, ఒకటి రైతుకు ఇస్తాడు, ఒకటి తన పంటి కింద పెడతాడు. ఇద్దరూ ఒకేసారి కొరకాలి. ఎన్నేళ్లుగానో ఆ దుకాణం ముందు అదే పద్ధతి. గింజ పంటి కిందికి పోగానే చుట్టూ ఉన్నవాళ్లు మాట ఆపేస్తారు.

ఆ రోజు రాశి కోట్‌పల్లి దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దావిడది. చాచా ఆమెకు గింజ ఇవ్వబోతే, తన నోట్లో ఒక్క పన్ను లేదని నోరు తెరిచి చూపించింది. సరే, నువ్వు విను చాలు అని ఆయన ఒక్కడే కొరికాడు. చప్పుడు రాలేదు.

ఇంకోటి కొరికాడు. రాలేదు. గుంపు ఆయన మూతి వైపే చూస్తోంది. దుకాణం గడపలో సేటు మిషన్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.  పచ్చిది ఆమె గింజో, నేను కట్టిన పండ్లో నాకెలా తెలుస్తుంది? నిలబడతారని నేనే కదా అన్నాను.

"రెండు దినాలు ఎండవెట్టి తేవాలె అవ్వా. ఇంక పచ్చిగనే ఉన్నయి" అన్నాడు చాచా.

ఆమె ఊరుకుంటుందా? నాలుగు రోజులు మిద్దె మీద ఎండబోశానంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ వాపస్ తీసుకుపోలేదంది. చివరికి చాచా మూతి దగ్గరికి వేలు పెట్టి, "పచ్చిగున్నయి నా కందులు కావు, నీ కొత్త పండ్లు" అంది. గుంపంతా ఒక్కసారి నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను.

చాచా కూడా నవ్వాడు. పై సెట్టు జారలేదు, నాలుకతో నొక్కిపెట్టాల్సిన పని పడలేదు. పక్క రాశి దగ్గరికి వెళ్లి ఒక గింజ తెచ్చాడు. ఆమె చెవి దగ్గరికి వంగి కొరికాడు. టక్కుమంది. నిలబడ్డ చోటు నుంచి నాకు కూడా వినిపించింది. తర్వాత ఆమె రాశిలోది కొరికాడు. ఏమీ లేదు. ఆమె తల పక్కకు వంచి, "మల్లొక్కపారి" అంది. మళ్లీ అదీ, ఇదీ.  అప్పుడామె ఎల్లుండి తెస్తానని చెప్పి, టార్పాలిన్ అంచులు లాక్కుని గింజలు దగ్గరికి చేర్చడం మొదలుపెట్టింది. చాచా వంగి రెండో అంచు పట్టుకున్నాడు. సేటు మిషన్‌ను లోపలికి తీసుకుపోయి అల్మారా మీద పెట్టాడు.

కందులు వద్దంటే ఏం చేశారని చాచాను కాసేపు కసురుకున్నాను. కసురుతుంటేనే చాయ్ తెప్పించాడు. తాగుతూ అసలు సంగతి అడిగాను. చప్పుడు రానప్పుడు, తప్పు పండ్లదేమోనన్న అనుమానం ఆయనకు రాలేదా?

రాలేదన్నాడు. కుడి అరచెయ్యి తిప్పి నాకు చూపించాడు. "చెయ్యి లోపట పెట్టంగనే తెల్సింది, పచ్చిగున్నయని. ఎప్పుడైన చేతికే తెలుస్తది."

నాకు ఒక్కసారిగా ఒళ్లు మండింది. అలాంటప్పుడు ఈ కొరుకుడంతా ఎందుకు? చెయ్యి ఉన్న మనిషి మూడు వారాలు జ్వరమని అబద్ధం చెప్పి ఇంట్లో ఎందుకు కూర్చున్నట్టు? పండ్లు లేకుండానే పనికి రావచ్చు కదా?

"నా చేతికి తెల్సింది ఆమెకు ఎట్ల తెల్వాలె బిడ్డా?" అన్నాడు. "గంత దూరంకెల్లి తెచ్చిన మాల్ వాపస్ తీస్కపొమ్మంటున్న. నేను చెప్పిన, నువ్వు పో అంటె ఎట్ల? ఆమె చెవుల వడాలె గద."

అని చాయ్ గ్లాసు పక్కన పెట్టి ఇంకో రాశి దగ్గరికి లేచి పోయాడు. ఆ తర్వాత ఆరేళ్లు ఆ జాగాలోనే ఉన్నాడు, మిషన్ అల్మారా మీదనే ఉంది. నేను తాండూరు పోవడం మానేసినా సెట్టు చూపించుకోవడానికి రెండుసార్లు వికారాబాద్ వచ్చాడు. రెండుసార్లూ పండ్లు తీసే పడుకుంటున్నానని చెప్పాడు, రెండుసార్లూ అబద్ధమే.

ఆ రోజు గంజ్‌లో నాకు తట్టలేదు. ఇప్పుడిది రాస్తుంటే తడుతోంది. నేను అప్పటికే ఒకసారి తప్పు చేసిన డాక్టర్ని. కొత్తవాటితో నిలబడతారని చెప్పానే గానీ, ఆయన చెవికి వినిపించడానికి నా దగ్గర ఏ చప్పుడూ లేదు. ఒక్క రైతును కూడా తన నోటి మాట మీద వాపస్ పంపని మనిషి, నా నోటి మాట మీద పండ్లు తీసి ట్రేలో పెట్టి ఇంటికి వెళ్లాడు.